చీటీ వెనక వైపు

చర్చి సంఘంలో ఆయన్ని అందరూ జవాబుల మాస్టారు అంటారు. బడిపంతులేమో అనుకునేరు, కాదు, దర్జీ. పైపుల కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుకు గది ఆయన దుకాణం. అందులో రెండు కుట్టుమిషన్లు, ఒక కటింగు బల్ల, గోడకి చొక్కాల వరుస. ఒక మిషను మీద మాస్టారు కుడతాడు. గుమ్మం పక్కన వెలుతురు పడేచోట ఎత్తుపీట వేసుకుని ఆయన భార్య కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది. మనిషి మెతక, మాట తక్కువ. మాస్టారు మాట్లాడేది ఇద్దరికీ సరిపోయి ఇంకా మిగిలేది.

కొలతల కోసం మాస్టారికి ఒక పద్ధతుంది. అట్టని అరచేయంత ముక్కలుగా కత్తిరించి, ఒక వైపు ఛాతీ ఇంత, చెయ్యి ఇంత అని తన గొలుసుకట్టు రాతలో రాసి, గుడ్డకి గుండుసూదితో గుచ్చుతాడు. బట్ట కుట్టడం అయ్యాక ఆ చీటీ బిస్కెట్ డబ్బాలో పడుతుంది. ఆ డబ్బా ఖాళీ అవ్వగా చూసినవాళ్ళు లేరు.

ఇక జవాబుల సంగతి. సంఘం గదిలో గుమ్మం దగ్గర ఒక చెక్కపెట్టె ఉంటుంది. విశ్వాసం గురించి ఎవరికే సందేహమున్నా పేరు రాయకుండా చీటీ మీద రాసి అందులో వెయ్యొచ్చు. ఆదివారం సాయంత్రం ఆ పెట్టె విప్పి, చీటీలు చదివి, జవాబు చెప్పే పని మాస్టారిది. పదకొండేళ్ళుగా ఆయనదే. ఎంత మంచివాడైనా నమ్మకపోతే రక్షణ లేదా అని ఒకరడుగుతారు. జీవితమంతా దొంగతనాలు చేసి ఆఖరి ఊపిరిలో క్షమించమన్నవాడూ, పుట్టిన దగ్గర్నుంచీ ఒళ్ళొంచి సేవ చేసినవాడూ ఒకే చోటికి పోతారా, ఇదేం న్యాయం అని ఇంకొకరు ఉడుక్కుంటారు. రక్షణ పొందాక కూడా నోరు జారి బూతులు వస్తున్నాయి, ఉన్న రక్షణ ఊడిపోయిందేమో చూసి చెప్పండి అని ఒక లారీ డ్రైవరు పాపం నిజంగానే భయపడి రాశాడు. మాస్టారు అన్నిటికీ ఠపీమని చెప్పేవాడు. ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. అందులో నూటపన్నెండు ప్రశ్నలు, నూటపన్నెండు జవాబులు, అన్నిటికీ నంబర్లు. మొదటి వరుస చదవగానే ఇది ఎన్నో నంబరో పట్టేస్తాడు. మిగతాది చదవడం టైం దండగ అనేవాడు. ఆ మాట గొప్పగా చెప్పుకునేవాడు కూడా, అదీ నా ఒళ్ళు మండే సంగతి.

ఆ పెట్టెలో ఆకతాయి చీటీలూ పడతాయి. అవి రాసేది ఎవరో అందరికీ తెలుసు. ఎలక్ట్రీషియను. మనిషి మంచివాడే గానీ నాలుక దురద. ఆదాము కొడుక్కి పిల్లనెవరిచ్చారు లాంటివి రాసి వెనక బెంచీలో కూర్చుని ముసిముసిగా నవ్వుతుంటాడు. మాస్టారికీ అతనికీ అదొక ఆట. అతన్ని నలుగురిలో ఒక అంటు అంటించకపోతే మాస్టారికి ఆ పూట అన్నం సయించదు.

ఆ ఆదివారం ఏడో చీటీ తీశాడు. అచ్చు అక్షరాల్లా విడివిడిగా, పొందిగ్గా రాసి ఉంది.

“దేవుడి పేరు ఒక్కసారి కూడా చెవిన పడకుండా చనిపోయినవాళ్ళు ఎక్కడికి వెళతారు? వాళ్ళకి రక్షణ ఉంటుందా?”

పదిహేడో నంబరు. మాస్టారి కళ్ళు వెనక బెంచీ మీదికి పోయాయి. ఇది వాడిదే, రాత మార్చి రాశాడు, అనుకున్నాడు.

“విననివాళ్ళ సంగతి దేవుడు చూసుకుంటాడు, ఆయన అన్యాయం చెయ్యడు,” అన్నాడు మైకులో. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. “ఊళ్ళోవాళ్ళ పరలోకం టిక్కెట్లు మనకెందుకు బ్రదర్? ఆదివారం ఆదివారం ఫ్యాను కింద కూర్చుని వింటూ కూడా చెవికెక్కించుకోనివాళ్ళున్నారే, వాళ్ళ గతేంటో అది అడుగు! ముందు మన జేబులో టిక్కెట్టుందో లేదో తడుముకుని చూసుకోవాలి!”

గదంతా గొల్లుమంది. ఎలక్ట్రీషియను రెండు చేతులూ పైకెత్తి లేచాడు.

“నాది కాదు మాస్టారూ! ఒట్టు, ఈ వారం నేనసలు రాయనే లేదు!”

దాంతో నవ్వు రెట్టింపయింది. మాస్టారు కూడా నవ్వుతూ ఆ చీటీని చొక్కా జేబులో కుక్కి ఎనిమిదోది తీశాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో లేచి బయటికి వెళ్ళారు. ఎవరా అని ఆయన చూడలేదు.

మర్నాడు పొద్దున్న దుకాణం తెరిచి, మిషనుకి నూనె వేస్తుంటే జేబులో ఏదో గుచ్చుకుంది. తీశాడు. అట్టముక్క. తిప్పాడు. వెనక వైపు తన రాతే. ఛాతీ ముప్పై ఎనిమిది, చెయ్యి ఇరవై మూడు. తను వారం కిందట కుట్టిన చొక్కాది. ఆ అంకెల చుట్టూ, మిగిలిన ఖాళీలో, అదే పొందికైన రాతలో సన్నగా ఇంకొన్ని వరుసలున్నాయి.

“వాడు గంటా నలభై నిమిషాలే బతికాడు. వాళ్ళ నాన్న వచ్చి ప్రార్థన చేస్తాడని ఎదురుచూశాను. ఆయన వాడికి పేరు కూడా పెట్టలేదు. ఎక్కడున్నాడో చెప్పండి చాలు.”

మాస్టారు చీటీ మళ్ళీ ముందు వైపుకి తిప్పి ఆ రాత చూశాడు. రాసింది తన భార్య. పదిహేనేళ్ళ కాపురంలో పెళ్ళాం చేతిరాత ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. చూడండి ఆ ఘనత! ఊరందరి సందేహాలూ మొదటి వరుస చూసే పోల్చుకునేవాడికి ఇంట్లో మనిషి రాత తెలియదు.

ఆ బిడ్డ పుట్టింది పదకొండేళ్ళ కిందట, ప్రశ్నల పెట్టె మొదటిసారి విప్పిన సాయంత్రం. మాస్టారు మైకు ముందు నిలబడటం అదే మొదలు. పక్కింటి ముసలాయన రొప్పుకుంటూ వచ్చి చెవిలో చెప్పాడు. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి, ఆస్పత్రిలో చేర్చాం, మగబిడ్డ, బాగా నీరసంగా ఉన్నాడు, తొందరగా రా అని. గది నిండా జనం. అందరూ తననే చూస్తున్నారు. మాస్టారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, “ఇంకో మూడు చీటీలే ఉన్నాయండీ, అయిపోగానే వచ్చేస్తాను,” అన్నాడు. మూడు చీటీలకీ బ్రహ్మాండంగా జవాబులు చెప్పాడు. ఆస్పత్రికి వెళ్ళేసరికి నర్సు ఉయ్యాల దుప్పటి మడతపెడుతోంది. “ఇప్పుడైనా ఒక ప్రార్థన చెయ్యండి. పేరేదైనా పెట్టండి,” అంది భార్య. ఆయన గోడ వైపు చూస్తూ, “ఇప్పుడవన్నీ ఎందుకే, పడుకో,” అన్నాడు. మూడు చీటీల మాట ఎవ్వరికీ చెప్పలేదు. ముసలాయన మరుసటి ఏడే పోయాడు. ఆ గుట్టు ఆయనతోనే పోయిందనుకుని మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు కూడా. ఇప్పుడది గుర్తొచ్చి తన మీద తనకే రోత పుట్టింది.

ఇంతలో భార్య వచ్చింది. పీట వేసుకుంది, సూదిలో దారం ఎక్కించింది. మాస్టారు తేలు కుట్టిన దొంగలా చీటీ జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ వారమంతా ఆయన అవస్థ చెప్పనలవి కాదు. నోరు తెరుస్తాడు, “దారం రీలు ఇలా ఇయ్యి,” అంటాడు. మళ్ళీ తెరుస్తాడు, “ఎండెక్కువగా ఉంది కదూ,” అంటాడు. ఎవరిదో ప్యాంటు ఒక కాలు రెండంగుళాలు కురచ కుట్టాడు. బుధవారం ప్రార్థనకి బయల్దేరుతూ, “రావా?” అని అడిగాడు.

“మీరెళ్ళండి,” అంది తలెత్తకుండా. “నాకు కాజాలున్నాయి.”

“వచ్చాక కుట్టుకోవచ్చుగా?”

“అక్కడికొచ్చి ఏం చెయ్యనండీ? అడగాల్సింది అడిగాను. నవ్వారు.”

అంతే అంది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. మాస్టారు మొహం చెల్లక వీధిలోకి వచ్చేశాడు. ఆవిడ ఇంక సంఘం గది గుమ్మం తొక్కదని ఆయనకి అర్థమైంది. బిడ్డ ఎక్కడో ఉన్నాడు, ఏదో ఒకనాడు చూస్తాను అన్న ఒక్క ఆశ మీద పదకొండేళ్ళు బతికిన మనిషి. దాన్ని తను నలుగురిలో నవ్వుల పాలు చేశాడు.

తిన్నగా పాస్టరుగారింటికి వెళ్ళి చీటీ చేతిలో పెట్టాడు. మూడు చీటీల సంగతీ కక్కేశాడు. పాస్టరుగారు రెండు వైపులా చదివారు.

“పదిహేడో నంబరులో తప్పేం లేదు మాస్టారూ. దేవుడు అన్యాయం చెయ్యడన్నారు, నిజమే,” అన్నారు.

“అది కాదండీ,” అన్నాడు మాస్టారు. తన జన్మలో మొదటిసారి ఒక ప్రశ్న అడిగాడు. “మరి మావాడు ఎక్కడున్నాడండీ?”

పాస్టరుగారు ఆయన్ని కూర్చోమన్నారు. “చూసొచ్చినట్టు బల్లగుద్ది చెప్పలేను. కానీ నేను నమ్ముకున్నాయన పిల్లల్ని ఒళ్ళోకి తీసుకున్నవాడు. వాళ్ళ నాన్న ప్రార్థనకి ఆలస్యమైందని ఆయన పసివాణ్ణి గుమ్మం బయట నిలబెడతాడా? నిలబెట్టడు. రక్షించేది ఆయన. మన ప్రార్థనలు టైముకి అందాయా లేదా అన్నదాని మీద ఆయన చేతులు ఆగిపోవు. నేనైతే వాడు ఆయన దగ్గరే ఉన్నాడని నమ్ముతాను.” చీటీ తిరిగి ఇచ్చారు. “ఇది నాకు కాదు, ఇంటికెళ్ళి ఆవిడకి చెప్పండి.”

ఇంటికెళ్ళి చెప్పాలి. ఎంత సులువైన పని! మన మాస్టారు ఏం చేశాడో తెలుసా? ఆదివారం దాకా ఆగి, మైకు ముందుకి వెళ్ళాడు.

పెట్టె విప్పలేదు. జేబులోంచి చీటీ తీసి రెండు వైపులా చదివాడు. అది నా భార్య రాసింది, ఆ బిడ్డ మా బిడ్డ, ఆ రోజు నేను మూడు చీటీల కోసం ఆగిపోయాను అని అందరి ముందూ చెప్పాడు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఎలక్ట్రీషియను వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. బయటికొస్తుంటే పెద్దమనిషొకాయన, “ఎంత ధైర్యం మాస్టారూ, నలుగురిలో ఇలా ఒప్పుకోవడం మాటలా!” అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాటకి మాస్టారి మనసు కాస్త పొంగింది. గుండె మీది బరువు దిగిందనుకుంటూ చకచకా ఇంటికి నడిచాడు.

భార్య గుమ్మంలో కూర్చుని ఒక నీలం చొక్కాకి గుండీలు వేస్తోంది. మాస్టారు జరిగిందంతా చెప్పాడు. ఎవరెవరు ఏడ్చారో కూడా చెప్పాడు. ఆవిడ దారం పంటితో తెంపింది.

“అందరికీ చెప్పారన్నమాట,” అంది.

“చెప్పేశానే. ఏదీ దాచుకోలేదు.”

“అడిగింది నేను కదండీ.”

మాస్టారు చీటీ తీసి ఆవిడ ముందు పెట్టాడు.

“నేను ఇంట్లోనే ఉన్నాను. సోమవారం నుంచీ మీ పక్కనే కూర్చున్నాను. మీ జేబులో చీటీ అంచు కనబడుతూనే ఉంది. ఇవాళ చెబుతారు, రేపు చెబుతారు అని చూస్తూనే ఉన్నాను. మీరు మళ్ళీ అక్కడికే పోయారు.” ఇంకో గుండీ తీసుకుంది. “ఆ రోజూ అక్కడే ఉన్నారు. పక్కింటాయన అప్పుడే చెప్పాడు నాకు. ఇంకో మూడే అన్నారట.”

ఇన్నేళ్ళూ తెలుసు! తెలిసీ అన్నం పెట్టింది, పక్కన కూర్చుని కాజాలు కుట్టింది. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. దారిలో పొంగిన ఆ కాస్త పొంగూ గుర్తొచ్చి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. జనం ముందు తప్పు ఒప్పుకున్న దానికన్నా ఈ గుమ్మంలో ఈమె ముందు నిలబడటం వెయ్యిరెట్లు కష్టంగా ఉంది. నోటుపుస్తకం చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గుండీల డబ్బా కింద పెట్టాడు. ఆవిడ పీట దగ్గర, కింద, నేల మీద కూలబడ్డాడు.

“వాడెక్కడున్నాడో చూసినట్టు చెప్పలేనే,” అన్నాడు. “పాస్టరుగారు దేవుడి దగ్గరే ఉన్నాడన్నారు. నేనూ అదే నమ్ముతున్నాను. నా ప్రార్థన కోసం వాడు అక్కడ ఆగి ఉండడు. కానీ నీకోసమైనా నేను రావాల్సింది. రాలేదు. వచ్చాక నువ్వడిగినా చెయ్యలేదు. పిరికివాణ్ణి. నన్ను క్షమించు.”

ఆవిడ సూది చొక్కాకి గుచ్చి, చొక్కా ఒళ్ళో పెట్టుకుంది. ఆయనే మళ్ళీ అడిగాడు.

“పేరు... ఇప్పుడు పెడదామా?”

“నేనెప్పుడో పెట్టుకున్నాను,” అంది. “పదకొండేళ్ళుగా ఆ పేరుతోనే తలుచుకుంటున్నాను. మీరెప్పుడైనా అడుగుతారేమో అని చూశాను.”

“చెప్పవూ?”

చెప్పింది. చిన్న పేరు. ఆవిడ లోలోపల ఎన్నో వేలసార్లు తిరిగిన పేరని వింటేనే తెలుస్తోంది. మాస్టారు అది ఒకసారి తనూ అనుకుని, కళ్ళు మూసుకుని, చేతులు జోడించాడు.

“ప్రభువా,” అన్నాడు. ఆగిపోయాడు. నూటపన్నెండింటిలో ఒక్కటీ నోటికి రాలేదు. ఆవిడ తొందరపెట్టలేదు, ఎదురుచూసింది. కొడుకు పేరు పెట్టి పిలిచాడు మాస్టారు.

“ఆలస్యంగా వచ్చానురా నాన్నా,” అన్నాడు.

ఆ ప్రార్థన ఎలా ముగించాలో ఆయనకి తెలియలేదు. ఆమెన్ ఆవిడే చెప్పింది. మాస్టారు తల వంచుకునే ఉన్నాడు, ఎత్తలేకపోయాడు.