కురిడీ కొట్టులో ప్రాణశక్తి

నా చిన్నప్పుడు యోగా అంటే ఎండుకొబ్బరి వాసన... ఇప్పటికీ ఎవరైనా "గాలి బాగా లోపలికి పీల్చండి" అంటే ముందు నాకు ఆ వాసనే వస్తుంది. ఆ వెనకే భయం కూడా.

మా ఊరు అమలాపురానికి దగ్గర. తొంభైల నాటి సంగతి. రిటైరైన మాస్టారొకాయన మా వీధిలో ఇల్లు అద్దెకు తీసుకుని, పొద్దున్నే యోగా నేర్పడం మొదలుపెట్టారు. వానాకాలం కదా, ఆరుబయటంతా బురద... కొబ్బరి షావుకారు ఒకాయన తన కురిడీ కొట్టు ఇచ్చాడు. పైన అటకల నిండా కాయలు. లోపల కొబ్బరి ఎండి కురిడీ అయ్యేదాకా నెలల తరబడి వాటినెవరూ ముట్టుకోరు. కింద నున్నటి సిమెంటు గచ్చు, ఖాళీగా... అంతకంటే మంచి చోటు దొరకదనుకున్నారు అందరూ.

మా అత్తయ్య, అంటే నాన్న చెల్లెలు, మాతోనే ఉండేది. ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. మావయ్య మస్కట్‌లో. ఆవిడకి ఉబ్బసం. అంతకుముందు ఏడాది ఊపిరి అందక ప్రాణం మీదికి వస్తే, ఇంకోసారి ఇంతదాకా రానిస్తే కష్టమని డాక్టరుగారు గట్టిగా చెప్పి, రోజూ వేసుకోమని మాత్రలిచ్చి పంపారు. అందుకే యోగాకి వెళ్తానంటే ఇంట్లో అందరూ సంతోషించారు. తోడుగా నన్ను పంపారు... నిద్రమొహంతో, చాప చంకన పెట్టుకుని.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆవిడకి చాలా మేలు జరిగింది. "ఊపిరి ఎక్కడ ఆగుతోందో చూడండమ్మా. మీ బాధ అక్కడే ఉంది," అనేవారు మాస్టారు. "ఆయ్," అనేవాళ్లం అందరం. నాకు ఆకలి తప్ప ఏమీ కనబడేది కాదు. అత్తయ్యకి కనబడింది. ఒకరోజు ఇంటికొస్తూ దారిలోనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మీ మావయ్య ఫోను అనగానే ఇక్కడ పట్టేస్తోందే... ఆయన మీద ఇంత కోపం ఉందని ఇన్నాళ్లూ నాకే తెలీలేదు," అంది గుండె మీద చెయ్యి వేసుకుని.

ఆ వారం మావయ్య ఫోన్ చేస్తే, పెళ్లయ్యాక మొదటిసారి ఆయనతో పోట్లాడింది. తర్వాత హాయిగా నిద్రపోయింది. యోగా అంటే మొగుడితో పోట్లాడడమని ముందే చెబితే నేనూ వచ్చేదాన్ని కదా, అని అమ్మ ఆటపట్టించింది.

వాన వెలిసిన రోజుల్లో, కొట్టు పైనున్న వెంటిలేటర్‌లోంచి ఎండ ఏటవాలుగా పడేది. అందులో బంగారు రంగు నలుసులు తేలుతూ... ఎంత అందంగా ఉండేవో. "అదిగోనమ్మా, ప్రాణశక్తి. కంటికి కనబడటం మన అదృష్టం. లోపలికి తీసుకోండి," అనేవారు మాస్టారు. గాలి కదిలితే మనసు కదులుతుందని తలుపులన్నీ వేయించేవారు. అది కాయల పీచు ఎండి రాలే దుమ్ము... కొబ్బరి మధ్యన పుట్టి పెరిగినవాళ్లం, ఒక్కళ్లకీ తట్టలేదు. కళ్లు మూసుకుని, భక్తిగా, గుండెల నిండా పీల్చుకున్నాం.

అత్తయ్యకి దగ్గు మొదలైంది. మాస్టారు సంబరపడ్డారు. "పాత రోగం బయటికొస్తోందమ్మా, రానివ్వండి. మాత్ర వేసుకున్నారంటే మళ్లీ లోపలికే పోతుంది."

ఆవిడ మాత్రలు బీరువా మీదికి ఎక్కించేసింది. ఆశ్చర్యం ఏమిటంటే, దగ్గు పెరిగినకొద్దీ ఇంట్లోవాళ్లకి ధైర్యం పెరిగింది... రోగం పోతోందని. నాన్న కూడా "ఇంకొంచెం ఓర్చుకోవే" అనేవాడు. బడిలో పాఠం మధ్యలో కుర్చీ పట్టుకుని నిలబడిపోయేదట. మాస్టారు కూడా కండువా అడ్డం పెట్టుకుని దగ్గేవారు. నాకూ శుద్ధి అవుతోంది అని నవ్వేవారు.

ఒకనాడు శవాసనంలో ఉన్నాం. పాలు పొంగే ముందు గిన్నె చేసే సన్నటి చప్పుడు అత్తయ్య గుండెలోంచి వినబడుతోంది. వింటూ వింటూ ఉండగా ఆ చప్పుడు ఆగిపోయింది... కళ్లు తెరిచి పక్కకి చూశాను. అత్తయ్య పెదాలు నల్లబడి ఉన్నాయి. ఆవిడ కళ్లు మాత్రం తెరుచుకుని, ఎండలో తేలుతున్న ఆ నలుసులనే చూస్తున్నాయి.

అత్తయ్యే మెల్లగా లేచింది. గోడ పట్టుకుని నడిచి, గడియ తీసి, బయట అరుగు మీద కూలబడింది. చాలాసేపటికి ఊపిరి అందింది. అప్పుడు గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా నిలబడింది.

"మాస్టారండీ, ఊపిరి ఎక్కడ ఆగుతోందో చూడమన్నారు కదండీ. చూసేనండి. ఈ తలుపు దగ్గర ఆగుతోందండి. లోపలి దుమ్ము నాకు పడట్లేదు... మీకూ పడట్లేదండి. మీరూ బయటికి వచ్చేయండి."

ఆయనకి కోపం రాలేదు. జాలిగా నవ్వారు. "అలా అనిపిస్తుందమ్మా. రోగం వెళ్లిపోయే ముందు మనిషిని భయపెడుతుంది," అన్నారు. తలుపు వేయమని సైగ చేశారు.

అత్తయ్య మళ్లీ మాత్రలు వేసుకుంది. యోగా మాత్రం మానలేదు, మా పెరట్లో చేసుకునేది. కొందరు ఆవిడ దగ్గరికి వచ్చేశారు. మాస్టారు మాత్రం ఆ కొట్టులోనే, మూసిన తలుపుల వెనక... ఎండాకాలం వచ్చేసరికి ఆయన దగ్గు వీధి చివరికి వినబడేది. అత్తయ్య రెండుసార్లు వెళ్లి బతిమాలింది. చివరికి వాళ్లబ్బాయి వచ్చి కాకినాడ తీసుకెళ్లాడు. ఆయన మళ్లీ రాలేదు. డాక్టర్లు ఏమన్నారో మాకు తెలీదు. ఆయన పోయారన్న కబురు తెలిసిన రోజు అత్తయ్య అన్నం ముట్టలేదు. "నన్ను బతికించిన మాట ఆయనదేనే... ఆయన వినలేదు," అని ఏడ్చింది.

ఇప్పుడు అత్తయ్య పెద్దదైపోయింది. ఫోన్ చేస్తే ముందు మాట్లాడదు, కాసేపు నా ఊపిరి వింటుంది. మొన్న మామూలు కంటే ఎక్కువసేపు విన్నది.

"నీ ఊపిరి పైపైనే ఆడుతోందే... కిటికీలు తెరిచి ఉన్నాయా?" అంది.

లేచి చూశాను. ఏసీ గది, ఒక్కటీ తెరిచి లేదు. తీద్దామంటే గడియ బిగుసుకుపోయి రాలేదు...

మనం పడుకుంటే ఎంతసేపు పడుకున్నామో, నడిస్తే ఎంత నడిచామో చెప్పడానికి ఇప్పుడు చేతికి వాచీలున్నాయి. మీ చిన్నప్పుడు మీ ఊపిరి విని మీ సంగతి చెప్పేసేవాళ్లు ఎవరుండేవారు? ఇప్పటికీ ఫోన్ చేస్తున్నారా?