మామా గురి

మొన్న మా ఊరి తీర్థంలో బుడగలు కాల్చే కొట్టు దగ్గర మా మనవరాలు ఆగిపోయి, తనూ కాలుస్తానని పేచీ పెట్టింది. తుపాకీ బరువుకి దాని చేతులు వాలిపోయి గొట్టం నేలచూపులు చూస్తుంటే, నేను వెనకనుంచి మోచెయ్యి పట్టుకుని, ఊపిరి సగం వదిలి ఆపుకోమనీ, వేలితో గుంజకుండా మెల్లగా నొక్కమనీ చెప్పాను. బుడగ పేలింది. పిల్ల గెంతులేసింది గానీ మా అమ్మాయీ, కొట్టువాడూ నన్ను వింతగా చూశారు. అరవై దాటి, వంటిల్లు తప్ప మరో లోకం ఎరగదనుకున్న ఆడది ఈ మాటలు ఎక్కడ నేర్చిందని వాళ్ళ ఆశ్చర్యం. ఏదో సినిమాలో చూశానని తప్పించుకున్నాను గానీ, ఇంటికొచ్చి మంచం మీద నడుం వాల్చినా కళ్ళముందు మామాయే మెదులుతూ ఉంది.

మా గోదావరి లంకల్లోంచి నా ఈడు ఆడవాళ్ళు ఎంతమంది గల్ఫుకి వెళ్ళారో మీకు తెలియనిది కాదు. మా ఆయన పోయాక, పిల్లని మా అమ్మ దగ్గర వదిలి నేనూ వెళ్ళాను. ఒమన్‌లో పెద్ద తుఫాను వచ్చిన మరుసటి ఏడాది, అంటే రెండు వేల ఎనిమిదిలో, బర్కాలో ఖర్జూరపు తోట మధ్యనున్న ఒక ఇంట్లో వంటకి కుదిరాను. అక్కడ ఇంటి యజమానిని బాబా అనీ, ఇల్లాలిని మామా అనీ పిలవడం రివాజు. ఇద్దరూ ముసలివాళ్ళు. కొడుకు మస్కట్‌లో అల్ ఖువైర్ వైపు పెద్ద ఆఫీసులో పని చేస్తూ అక్కడే కాపురముండేవాడు. వాళ్ళు పాకిస్తాన్ వైపునుంచి తాతల నాడు వచ్చి స్థిరపడ్డ బలూచీలు కావడంతో హిందీ వచ్చు. నాకూ కాస్త వచ్చు. రెండు వచ్చీరాని హిందీలతో మా సంసారం బాగానే సాగిపోయేది.

వెళ్ళిన మొదటి శుక్రవారం పొద్దున్న గోధుమపిండి కలుపుతుంటే తోటలోంచి సీమటపాకాయల్లాంటి చప్పుడు వినిపించి, పిండి చేతులతోనే బయటికి పరుగెత్తాను. తోటపని చేసే అతనొకడు ఉండేవాడు, జగిత్యాల వైపు మనిషి, నాకంటే కాస్త చిన్నవాడు కావడంతో తమ్ముడూ అని పిలిచేదాన్ని. నా వాలకం చూసి నవ్వాడు. "బుగులు పడకక్కా, గది ముసలోల్ల ఆట. శుక్రారం వస్తే గింతే."

బాబా పోలీసు కొలువు చేసి దిగిపోయిన మనిషి. పాతకాలపు చిన్న రివాల్వర్లు పోగు చెయ్యడం ఆయన సరదా. అన్నిటికీ లైసెన్సు కాగితాలు ఉండేవి. పెద్ద తుపాకులంటే ఆయనకి ఇష్టం ఉండేది కాదు. అరచేతిలో ఇమిడిపోయేవి, చిటికెనవేలి కొసంత తూటా పట్టేవి, మన తాతల కాలంలో ఎక్కడో తయారై ఎన్ని చేతులు మారాయో తెలియనివి, అవే కావాలి. ఒకదానికి ముత్యపుచిప్ప పిడి. ఒకటి గొళ్ళెం తీస్తే నడుము విరిచినట్టు వంగి, కాలిన తూటాల గొట్టాలన్నీ తానే బయటికి నెట్టేసేది. వెనకాల బొటనవేలితో లాగే సుత్తిని ఆయన ఘోడా అనేవారు, నేను మనసులో గుర్రం అనుకునేదాన్ని. కాల్చడం అయ్యాక ఒక్కోదాన్ని విప్పి, పుల్లకి గుడ్డపీలిక చుట్టి, నూనె రాసి తుడుస్తుంటే, చంటిపిల్లకి తలంటి తుడుస్తున్నట్టుండేది. ఆ నూనె వాసన, కాలిన మందు వాసన, వాళ్ళ కాఫీ, కావా, కాచేటప్పుడు వచ్చే ఏలకుల వాసన కలిసి ఇప్పటికీ నాకు శుక్రవారం వాసనగానే గుర్తు.

అయితే అసలు గురి బాబాది కాదు, మామాది. పెళ్ళయిన కొత్తలో ఆయనే నేర్పారట; నేర్పిన ఏడాదికే ఆయన్ని మించిపోయిందట. మట్టికట్ట మీద టొమాటో పేస్టు డబ్బాలు వరసగా పెడితే, ఆవిడ తలమీది లహ్ఫా ముసుగు సర్దుకుని, ఏదో పొయ్యి మీద పాలు పొంగకుండా చూస్తున్నంత నిమ్మళంగా నిలబడి ఒక్కొక్కటే పడగొట్టేది. ఆయన గురి తప్పితే నోటికి లహ్ఫా అడ్డం పెట్టుకుని నవ్వేది. భార్య చేతిలో ఓడిపోయి అంత సంతోషించే మొగుణ్ణి నేను అదివరకు చూడలేదు, తరవాతా చూడలేదు.

ఒకనాడు మామా ముత్యపు పిడి రివాల్వర్ నా చేతిలో పెట్టింది. బాబా నా పక్కన నిలబడి, ఊపిరి ఎప్పుడు ఆపాలో, వేలు ఎలా నొక్కాలో చెప్పారు. చాలాసార్లు మట్టి ఎగిరింది. చివరికి డబ్బా దొర్లింది. ఆ క్షణాన పొట్టలోంచి ఎగదన్నుకొచ్చిన నవ్వుని ఏమని చెప్పను? పుట్టింట్లోనూ, అత్తింట్లోనూ నా చేతికి ఎవరు ఏది ఇచ్చినా పని కోసమే ఇచ్చారు. ఊరికే, సరదాగా ఉంటుందని ఇచ్చిన వస్తువు నా బతుకులో అదొక్కటే.

ఆ మరుసటి ఏడు చలికాలంలో మామా చేతిలో కావా గిన్నె వణకడం మొదలైంది. నీరసం అనుకున్నాం. డాక్టర్లు అది నరాల జబ్బనీ, మందులతో కొంత నెమ్మదిస్తుంది గానీ పోదనీ చెప్పారు. గురి తప్పడం మొదలైంది. మొదట్లో ఆవిడే వేళాకోళం చేసుకునేది, తరవాత శుక్రవారం వచ్చేసరికి తలనొప్పి అని పడుకోసాగింది.

అప్పటినుంచి బాబాకి పోగు చెయ్యడం సరదా కాకుండా పోయింది. ఆవిడ చెయ్యి మోయగలిగేది, ఆవిడ వేలు నొక్కగలిగేది, అదొక్కటే వెతుకులాట. ఎవరి దగ్గర తేలికపాటిది ఉందని తెలిసినా కారు తీసేవారు. నిజ్వా కోట పక్కన సంతలో పాత తుపాకుల బేరాలు జరిగేవి. పొద్దున్నే వెళ్ళి, మిట్టమధ్యాహ్నం దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చి, భోజనం కూడా చెయ్యకుండా ఆవిడ చేతిలో పెట్టి చూసేవారు. ఒకటి బరువు, మరొకటి బిగుతు. కొడుకు వచ్చినప్పుడల్లా ఈ వయసులో ఇవన్నీ ఎందుకని విసుక్కునేవాడు. బాబా కారు తాళాలు అందుకునేవారు.

చివరికి బొమ్మలాంటిది ఒకటి దొరికింది. నీడలో బల్ల వేసి, ఇసుక సంచి మీద మామా చెయ్యి ఆనించి, ఆయన పక్కన కూర్చున్నారు. మొదటి తూటాకి డబ్బా పడింది. రెండోదానికీ పడింది. మామా నవ్వింది. నేను చప్పట్లు కొట్టాను. పడిన డబ్బాలు ఏరడానికి వెళ్ళినప్పుడు గానీ నాకు తెలియలేదు, డబ్బా అడుగున చేపలు పట్టే సన్నదారం కట్టి ఉందనీ, పంపు గది గోడ చాటున కూర్చుని తమ్ముడు దాన్ని లాగుతున్నాడనీ. నేను నోరు తెరవబోతే వాడు వద్దన్నట్టు తలూపాడు. "బాబా నా చేతులు పట్టుకోని అడిగిండక్కా. నేనెట్ల కాదంట?"

అలా కొన్ని నెలలు గడిచాయి. ఆవిడ మళ్ళీ శుక్రవారం కోసం ఎదురుచూసేది, కళ్ళకి సుర్మా పెట్టమనేది. ఒకనాటి మధ్యాహ్నం స్నానం చేయించి తల దువ్వుతుంటే, మామా అద్దంలోంచి నా వంక చూసి నెమ్మదిగా అంది.

"ఆ దారం ఎండకి మెరుస్తోంది. ఇంకోటి కట్టమని నీ తమ్ముడికి చెప్పు."

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. "మీకు తెలుసా మామా?"

"కాల్చేది నేను. తూటా ఎటు పోయిందో నాకు తెలీదా? ఎన్నాళ్ళకో ఆయన మొహంలో సంతోషం చూస్తున్నా. ఉండనీ. ఆయనకి మాత్రం చెప్పకు."

నేను తలూపి, జడ అల్లడం మొదలుపెట్టాను. ఏడిస్తే అద్దంలో కనబడుతుందని తల దించుకుని అల్లాను. తమ్ముడు దారం మార్చాడు. ఆ తరవాత ప్రతి శుక్రవారం వాళ్ళిద్దరూ ఒకరి కోసం ఒకరు సంబరపడుతుంటే, మధ్యలో కావా గిన్నెలు పట్టుకుని నిలబడటం నా వల్ల అయ్యేది కాదు.

ఎండలు ముదిరాక ఆవిడ మంచం దిగలేదు. అన్నం నేనే మెత్తగా చేసి తినిపించేదాన్ని, తరవాత నీళ్ళు కూడా గొంతు దిగలేదు. ఒక తెల్లవారుఝామున నమాజు పిలుపు వినిపిస్తుండగా పోయింది. ఆ పొద్దెక్కకుండానే సమాధి చెయ్యడానికి తీసుకెళ్ళిపోయారు. బాబా ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ తన చేత్తోనే ఖర్జూరాలు అందించారు.

కొన్నాళ్ళకి కొడుకు వచ్చి, తండ్రిని మస్కట్ తీసుకెళ్ళడానికి ఒప్పించాడు. రివాల్వర్లన్నిటినీ కాగితాలతో సహా ఎవరో తెలిసినాయనకి అప్పగించడం ఖాయమైంది. బాబా వాటిని ఆఖరుసారి తుడుస్తూ, నేను టీ పెట్టి వెళ్ళబోతుంటే ఆగమన్నారు.

"ఒక్క మాట చెప్పమ్మా. దారం సంగతి ఆవిడకి తెలుసా?"

ఆయన తల ఎత్తలేదు. చేతిలో గుడ్డపీలిక మాత్రం ఆగింది.

"తెలీదు బాబా," అన్నాను. "తనే కొడుతున్నాననుకుంది."

"అల్‌హందులిల్లా" అని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నారాయన. రివాల్వర్ పక్కన పెట్టి, మొహం మోచేతిలో దాచుకున్నారు. మామా పోయాక ఆయన ఏడవడం అదే మొదటిసారి. నేను వంటింట్లోకి వెళ్ళి, పనేమీ లేకపోయినా కొళాయి తిప్పి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

వీసా గడువు తీరకముందే నన్ను ఇంటికి పంపేశారు. మస్కట్‌లో బాబా ఎక్కువ కాలం బతకలేదని తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. ఇంకొన్నాళ్ళకి తోట చదును చేసి ఇళ్ళు కట్టేశారనీ, తనని వేరే సైట్‌కి మార్చారనీ చెప్పాడు. వాడూ ఊరికి తిరిగొచ్చేశాక పండగలకి ఫోను చేసేవాడు. పోయిన వేసవిలో నేనే చేస్తే వాడి కొడుకు ఎత్తి, నాన్న పోయాడని చెప్పాడు.

మా అమ్మాయి మంచిదే గానీ, ఎవరో అరబ్బుల ఇంట్లో వంట చేసొచ్చిన రోజులు తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే దానికి అర్థం కాదు; అక్కడ పడ్డ కష్టాలే గుర్తొచ్చాయనుకుని నా వీపు నిమురుతుంది. నేనూ కాదనను. సంపాదనకి వెళ్ళినవాళ్ళని సంపాదన గురించే అడుగుతారు ఎవరైనా, అక్కడ ఎవరిని పోగొట్టుకుని వచ్చావని అడగరు. ఆ ఖర్జూరపు నీడలో మామా నవ్వు ఎలా ఉండేదో ఇంకొకరితో చెప్పుకుని, అవునక్కా, అట్లనే ఉండె అనిపించుకోవాలని ఉంటుంది. అలా అనగలిగిన మనిషి ఇప్పుడు ఈ భూమ్మీద ఒక్కరూ లేరు.