పిప్పి గోడల కారు షెడ్డు

ఆ ముక్కోటి ఏకాదశి తెల్లవారుజామున మా బావ కారు మొదటి తిప్పుకే స్టార్టయింది. చలికాలం వచ్చాక అలా జరగడం అదే మొదలు. బావ ఇంజను తిప్పే హేండిలు చేత్తో పట్టుకుని నమ్మలేనట్టు నిలబడిపోయాడు. తలంటుకుని పట్టుచీర కట్టుకున్న వాళ్ళమ్మ వచ్చి వెనక తలుపు తీసింది. తల లోపలికి పెట్టింది. పెట్టినంత వేగంగానే బయటికి తీసింది.

"ఏటిరా ఈ కంపు?"

"కంపేటమ్మా?"

"ఉపోసమున్న మనిసిని, సింహాద్రి అప్పన్న కాడికెళ్తన్నదాన్ని. నన్ను సారా కొట్టులో కూకోమంటావేట్రా?"

ఆవిడ ఎక్కనంది. కారు గురగురలాడుతూనే ఉంది.

అది అంత చక్కగా స్టార్టవడానికీ, ఆవిడ ఎక్కకపోవడానికీ కారణం ఒకటే. అప్పటికి యుద్ధం అయిపోయింది గాని పెట్రోలు కూపన్లు అయిపోలేదు. మద్యనిషేధం వచ్చి సారా దుకాణాలు మూతపడ్డ కొత్త. నేను అనకాపల్లిలో మా అక్క ఇంట్లో ఉంటూ ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. వాటిలో ముప్పాతిక వంతు బెల్లం ధరలే. అక్క మొగుడు, అంటే ఈ బావ, చెరుకు రైతు. ఊరి చివర ఇల్లు, ఇంటి వెనకే గానుగ. ఎవరో దొర వదిలించుకున్న పాత కారొకటి ఈయన చేతికొచ్చింది. దాన్ని పెట్టడానికి ఆవును సాలలోంచి తీసి ఇంటి చూరు కింద కట్టేశాడు. సాలకు తలుపులు పెట్టించి షెడ్డు అనడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఆ మాట అన్నది ఆయనొక్కడే.

"నోరున్న గొడ్డు మంచులోన, నోరులేని బండి గూట్లోన. ఇదెక్కడి నాయం?" అనేది వాళ్ళమ్మ, పాలు పితికినప్పుడల్లా, ఆయనకు వినపడేలా.

ఆ నోరులేని బండి మంచు పడ్డ ఉదయాన కదిలేది కాదు. బ్యాటరీ ముసలిది. ఇంజనాయిలు నెయ్యిలా పేరుకునేది. బావ హేండిలు తిప్పీ తిప్పీ చెమట పట్టి చొక్కా విప్పేసేవాడు. అంత చలిలో మా వీధిలో చొక్కా విప్పిన మనిషి ఆయనొక్కడే. నాలుగు జాముల ఎండ అక్కర్లేదు, కాస్త పొద్దెక్కితే చాలు, ఏమీ జరగనట్టు అదే స్టార్టయ్యేది. దాంతో బావ ఒక నిర్ణయానికొచ్చాడు. బండికి చలి.

పెద్దావిడ ఆ మాట పట్టుకుంది. "సరే, ముక్కోటికి తెల్లారకుండా నీ బండి నన్ను సింహాచలం సేర్సిందనుకో, సాల దానిదే. నానింక మాటాడను. సేర్సలేదో, ఆ రోజే ఆవుని లోపల కట్టేత్తాను."

ఆవిడ మాటాడకుండా ఉండటమన్నది ఇంట్లో ఎవరూ ఎరగని సౌఖ్యం. బావ నడుం బిగించాడు.

పెంకుల కింద సందుల్లో గోనెసంచులు కుక్కించాడు. తలుపులకు తాటాకు తడికలు కట్టించాడు. బానెట్టు మీద బొంతలు కప్పాడు. ఇంజను కింద కుంపటి పెట్టాడు.

"బాలింతగున్నప్పుడు నీ పెళ్ళానికి సేసేవేట్రా ఇంత సాకిరీ?" అంది వాళ్ళమ్మ. "కాయం మందు కూడా నూరమంటావా బండికి?"

"పెట్రోలు పక్కన నిప్పులేమిటి బావా?" అన్నాను నేను.

"మరేటి సెయ్యమంటావు బావా? పేపరోడివి కదా, నువ్వు సెప్పు."

బెల్లం ధర అడిగితే చెప్పగలను. కుంపటి మాత్రం తీసేశాడు.

ఉపాయం చివరికి గానుగ దగ్గర దొరికింది. రసం తీసేసిన పచ్చి పిప్పిని కుప్పగా వదిలేస్తే లోపల దానంతటదే వేడెక్కుతుంది. చెయ్యి పెడితే అన్నం కుండలో పెట్టినట్టుంటుంది. ఎండిన పిప్పి అయితే బెల్లం పొయ్యికి కావాలి, దాన్ని బావ ముట్టనివ్వడు. పచ్చిది కొండంత ఉంది. గోడలకు మూరెడు ఎడంగా తడికలు నిలబెట్టి, మధ్యలో పచ్చి పిప్పి పోసి కాళ్ళతో తొక్కించాడు. రెండు మూడు రోజులకు షెడ్డులోకి వెళ్తే పొదిగే కోడి కింద దూరినట్టుండేది. పెట్రోలు పొదుపని బావ ముక్కోటిదాకా బండిని కదపలేదు.

పచ్చి పిప్పి ముందు వేడెక్కుతుంది, తర్వాత పులుస్తుంది. ఆ రెండో సంగతి కూడా చెరుకు పండించేవాళ్ళందరికీ తెలుసు. బావకూ తెలుసు. వెచ్చదనం సంబరంలో దాన్ని పక్కన పెట్టేశాడు. మరి మిగతావాళ్ళ ముక్కులేమయ్యాయంటే, బెల్లం వండే రోజుల్లో అనకాపల్లిలో ఎవరి ముక్కునూ సాక్ష్యానికి పిలవకూడదు. పొద్దస్తమానూ పాకం వాసన. దానిమీద ఇంకో వాసన రోజుకింత చొప్పున పెరిగితే ఎవరు గమనిస్తారు?

గమనించినవాడు ఒకడున్నాడు. సారా దుకాణాలు మూసేశాక దిగులుపడి తిరుగుతున్న పక్కింటి ముసలాయన రోజూ సాయంత్రం వచ్చి షెడ్డు గోడకు చేరగిలబడేవాడు.

"ఏం మామా, ఇక్కడ కూకున్నావేటి?" అన్నాడు బావ.

"ఇక్కడ సలి తక్కువ అల్లుడూ. మనసుక్కూడా బాగుంటాది."

బావ పొంగిపోయాడు. చూశావా బావా, వెచ్చదనం గోడ బయటిదాకా వచ్చేసింది అన్నాడు నాతో.

ఆ వాసనంతా కారు సీట్లలోకి ఇంకిపోయి ఉంది. ముక్కోటి నాడు వాళ్ళమ్మ ఎక్కననగానే బావ తలుపులు నాలుగూ తీశాడు. సీట్ల మీద పసుపునీళ్ళు చల్లాడు. అగరొత్తులు వెలిగించాడు. దాంతో అది పండగపూట సారా కొట్టులా తయారైంది.

"పోనీ టేసనుదాకా ఎక్కమ్మా, రైలుకి దింపేత్తాను."

"నడుత్తాను."

నడిచింది. మా అక్క చేతిసంచీ పట్టుకుని వెంట నడిచింది. ఆ ఇద్దరి వెనకాల, దీపాలు వేసుకుని, వాళ్ళ నడకకు సరిపెట్టుకుంటూ, ఖాళీ కారులో బావ. ఆయన పక్కన నేను. వీధి అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడి దండం పెట్టారు. ఏ ఊరేగింపో అనుకుని ఉంటారు. కూడబెట్టిన కూపన్ల పెట్రోలు అలా ఖర్చయింది.

ఆవిడ పాసింజరు ఎక్కి, పొద్దెక్కాక కొండెక్కి, ఉత్తర ద్వారం దర్శనం జనం భుజాల మీదుగా చేసుకుని సాయంత్రానికి తిరిగొచ్చింది. కాళ్ళు కడుక్కోకుండానే పలుపుతాడు పట్టుకుని ఆవు దగ్గరికెళ్ళింది.

"ఆగమ్మా," అన్నాడు బావ షెడ్డుకు అడ్డం నిలబడి. "బండి స్టార్టయ్యిందా లేదా? ఎక్కనన్నది నువ్వు. అది దాని తప్పెలాగవుతాది?"

"నన్ను సేర్సిందా లేదా? అది సెప్పు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. పత్రికవాడు ఎటూ పక్షం వహించకూడదన్న నియమం జీవితంలో నాకు అంత గట్టిగా ఎప్పుడూ గుర్తురాలేదు. తగువు ఊరి పెద్దమనిషి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఇద్దరి మాటా శ్రద్ధగా విన్నాడు. పని రోజులు కదా, బెల్లం వంటలయ్యాక తీర్పు తీరిగ్గా చెబుతానన్నాడు.

ఆ ఏడు వంటలయ్యాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళ వంటలు కూడా అయ్యాయి. ఆయన చెప్పలేదు.