పెద్దల సభలో ఆగిన స్కూటర్

హైదరాబాద్‌లో శాసనమండలిని మళ్ళీ తెచ్చిన ఏడాది, ఇక్కడ దేశ రాజధానిలో, ద్వారకలోని మా ఫ్లాట్‌లో నా స్కూటర్ ఆగిపోయింది. ఇంకా కొనలేదు లెండి, నేర్చుకుంటానన్న మాటే ఆగింది. గేటు దగ్గర ఆటోల కోసం నిలబడలేక మా ఆయన్ని అడిగితే సరేనన్నారు. అత్తగారు మాత్రం ససేమిరా అన్నారు.

"ఈ ఊరి రోడ్ల మీద నీకు బండేమిటే? పడి కాలు విరగ్గొట్టుకుంటే వంట నేను చెయ్యాలా?"

ఒక సాయంత్రం నేను బఠాణీలు ఒలుస్తుంటే మా ఆయన అమ్మాయికి సివిక్స్ చెబుతున్నారు. ఐదో తరగతితో ఆగినదాన్ని, పుస్తకం పట్టను గానీ చెవిన పడింది వదలను. శాసనసభను జనం ఎన్నుకుంటారట. మండలిలో కొందరిని ఆ సభవాళ్ళే, కొందరిని పంచాయతీలవాళ్ళూ మునిసిపాలిటీలవాళ్ళూ, కొందరిని డిగ్రీ చదివినవాళ్ళూ టీచర్లూ ఎన్నుకుంటారట. మిగిలినవాళ్ళను గవర్నరు వేస్తారట. సభ పంపిన బిల్లు నచ్చకపోతే మండలి మూడు నెలలు ఆపగలదు. సభ మళ్ళీ పాస్ చేస్తే ఇంకొక నెల. ఆ తర్వాత మండలి ఒప్పుకున్నా మానినా ఆగదు.

"అత్తయ్యగారూ, విన్నారా? మీకు నాలుగు నెలలే టైము!"

ఆవిడ జపమాల పక్కన పెట్టారు. "అంటే నేను మండలినా?"

"పెద్దల సభండీ. గౌరవమే."

"ఏరా, ఆ పెద్దల సభని ఎవరైనా రద్దు చేస్తారా?"

"ఎన్నికలకి రద్దయ్యేది శాసనసభేనమ్మా. మండలి ఎప్పుడూ ఉంటుంది," అన్నారు మా ఆయన. నాకేసి చూసి నవ్వాపుకుంటూ, "మనవాళ్ళు ఓసారి మొత్తానికే తీయించేశారనుకో," అన్నారు.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకున్నారు. "తీసేస్తే ఏమయింది? మళ్ళీ పిలిచి పీట వేశారుగా! కిందటేడు నేను చిన్నాడింటికి వెళ్ళిపోతే ఫోన్ చేసి రమ్మంది ఎవరే?"

నేనే. పనిమనిషి మానేసింది మరి.

"నానమ్మ జీత్ గయీ! నానమ్మే గెలిచింది!" అని అమ్మాయి చప్పట్లు కొట్టింది.

ఆవిడ అంతటితో ఊరుకోలేదు. మనవరాలి చేత ఆ పాఠం మళ్ళీ మళ్ళీ చదివించుకుని, అర్థం చెప్పించుకున్నారు. వారం తిరిగాక కాఫీ తాగుతూ కొడుకుని అడిగారు.

"ఒరే, మండలి బిల్లుని ఆపడమేనా, మార్చి కూడా పంపొచ్చటగా?"

"పంపొచ్చమ్మా. సవరణలంటారు."

"అయితే వినండి. కోడలు బండి నేర్చుకోవచ్చు. కానీ శనివారం శనివారం నన్ను జనక్‌పురిలో భజనకి తీసుకెళ్ళాలి."

ఆ ఫ్లాట్‌లో కదలడానికి దారి లేనిది నాకొక్కదానికే కాదని అప్పుడు తెలిసింది. సవరణకి మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాం.

బండి వచ్చింది, నేర్చుకున్నాను. మొదటి శనివారం వెనక కూర్చుని, రెండు చేతులా నా భుజాలు బిగించి పట్టుకున్న అత్తగారు సెక్టార్ మలుపైనా తిరక్కముందే చెవిలో అన్నారు:

"కొంచెం జోరు పెంచవే, రిక్షావాడు మనల్ని దాటిపోతున్నాడు!"