అత్తమ్మ ముడి, నా ముక్కు

ఆ రోజుల్లో నాకు రెండే రెండు విషయాల మీద గట్టి నమ్మకం. ఒకటి నా డిగ్రీ, రెండోది నా గొంతు. డిగ్రీ సంగతి ఎలాగూ కాసేపట్లో మీకే తెలిసిపోతుంది. గొంతు మాత్రం నిజంగానే బాగుండేదని అందరూ అనేవారు. అందుకే మడికొండ ఐటీ పార్కులో ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగానికి మొదటి రెండు పరీక్షలూ గట్టెక్కాను. మిగిలింది మూడోది, గొంతు పరీక్ష. హెడ్‌ఫోన్ పెట్టుకుని పది నిమిషాలు మాట్లాడాలి, ప్రతి మాటా అవతలివాళ్ళకు స్పష్టంగా వినబడాలి. అది దాటితే ఉద్యోగం. దాటకపోతే ఊరికి తిరిగివెళ్ళి ప్రైవేటు బడిలో ఎల్కేజీ పిల్లల ముక్కులు తుడవాలి (ఆ బడి పెద్దసారు అప్పటికే నాకోసం ఒక కుర్చీ తెప్పించి పెట్టాడు). సరిగ్గా పరీక్షకు ఐదు రోజుల ముందు నా ముక్కే మూసుకుపోయింది.

అప్పుడు నేను కాశిబుగ్గలో మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. మామ మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు, అత్తమ్మ నూలుకు రంగులు వేస్తుంది. పగలంతా నా ముక్కు ఏదో మర్యాదగానే ఉండేది. దిండు మీద తల పెట్టానో లేదో మొదలయ్యేది అసలు సంగతి. కనుబొమల మధ్య ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు నొప్పి, బుగ్గలు బరువు, నోటితో ఊపిరి. ఎడమకు తిరిగితే కుడి ముక్కు కాస్త దయతలచేది. హమ్మయ్య అనుకునేలోపు అదీ మొండికేసేది. లేచి కూర్చునేదాన్ని. ఎప్పుడు లేచినా అత్తమ్మ ఆవిరి గిన్నెతోనో, మిరియాల కషాయంతోనో పక్కనే ఉండేది. కషాయం ఘాటుకు కళ్ళలోంచి నీళ్ళొచ్చేవి గానీ ముక్కు మాత్రం కదిలేది కాదు. మూడు రాత్రులు ఇదే తంతు. నాలుగో పొద్దున ఆమె చీర సర్దుకుని, "నడువు బిడ్డా, దవాఖానకు పోదాం. ఇది నా కషాయానికి లొంగెటట్టు లేదు" అంది.

డాక్టరమ్మ నా బుగ్గలు నొక్కి చూసి, సైనస్‌లో ఇన్ఫెక్షన్ అని చెప్పి, ముక్కులోకి చుక్కలతో పాటు రెండు రకాల గోలీలు రాసింది. రాత్రి గోలి నిద్ర తెస్తుంది, పొరపాటున కూడా పొద్దున వేసుకోవద్దు. పొద్దుటిది వేసుకుంటే నిద్ర దగ్గరికి రాదు, అది రాత్రి వద్దు. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. నేను తలూపాను. అత్తమ్మ మాత్రం ఆమెతో రెండుసార్లు చెప్పించుకుంది.

మెడికల్ షాపాయన రెండు పట్టీలనూ కావలసినన్ని గోలీలకు కత్తిరించి ఇచ్చాడు. రెండూ తెల్ల గోలీలే, రెండింటి మీదా పేర్లు సగం సగం తెగిపోయాయి. అత్తమ్మకు చదువు రాదు. కానీ నలభై రంగుల నూలు కట్టల్లో ఏ చిలప ఎవరి ఆర్డరుదో పొరపాటు పడకుండా దారం ముడులతో గుర్తు పెట్టుకునే మనిషి. షాపు దగ్గరే ఆయనతో మళ్ళీ చెప్పించుకుని, కొంగున ఉన్న నూలు పోగులు తీసి, పొద్దుటి పట్టీకి ముదురు ఎరుపు, రాత్రి పట్టీకి ముదురు నీలం చుట్టి ముడి వేసింది. ఆ రాత్రి నీలం పోగుది మింగి, చుక్కలు వేసుకుని, నాలుగు జంపఖానాలు మడిచి అత్తమ్మ కట్టిన ఎత్తు మీద తల పెట్టాను. పావుగంటలో ముక్కు తెరుచుకుంది. తెల్లవారి లేచేసరికి, ఆ గోలి కనిపెట్టినవాళ్ళు ఎక్కడున్నా చల్లగా ఉండాలని మొక్కుకున్నాను. ఇప్పటికీ ఆ మొక్కు వెనక్కి తీసుకోలేదు.

అక్కడితో ఊరుకుంటే నేను డిగ్రీ చదివినట్టు ఎలా తెలుస్తుంది? మర్నాడు పరీక్ష. పట్టీలు బ్యాగులో వేసుకుని వెళ్ళాలి. పొడుగు పోగులు వేలాడుతూ అవి అచ్చం తాయెత్తుల్లా ఉన్నాయి. ఐటీ పార్కులో ఎవరైనా చూస్తే నా పరువేం కాను? సాయంత్రం మగ్గం గదిలో, దూది దుమ్ము పట్టిన పసుపు బల్బు కింద కూర్చుని అత్తమ్మ ముడులు కత్తిరించి, అవే పోగులతో ముచ్చటగా పువ్వు ముడులు వేశాను. ఎడమచేతిలోది పొద్దుటిది, కుడిచేతిలోది రాత్రిది అని జాగ్రత్తగా గుర్తు పెట్టుకునే వేశాను మరి.

ఆ రాత్రి నీలం పోగుది మింగాను. ముక్కు బాగానే ఉంది గానీ కళ్ళు మాత్రం మూతపడనంటాయి. దూలాలు లెక్కపెట్టాను, పరీక్షలో చెప్పాల్సినవన్నీ రెండుసార్లు చెప్పుకున్నాను, మామ గురకకు తాళం వేశాను. "నిద్ర పడ్తలేదా?" అని చీకట్లోంచి అత్తమ్మ గొంతు. "లేదత్తమ్మా. రేపు ఏమైతదో అని భయమైతాంది." "ఫికర్ జెయ్యకు. ఇటు రా, జర తల ఒత్తుత." తెల్లవారుజాము దాకా ఒత్తుతూనే ఉంది.

పొద్దున తయారై, వాకిట్లో నిలబడి ఎరుపు పోగు పట్టీలోంచి గోలి తీసి నోట్లో వేసుకుని నీళ్ళ గ్లాసు ఎత్తాను. అత్తమ్మ చేయి వచ్చి గ్లాసు పట్టుకుంది. ఆమె చూపు పట్టీ మీదుంది.

"ఇది నా ముడి గాదు. ఎవలేసిన్రు?"

నేనే అన్నట్టు గుండె మీద చేయి పెట్టాను, నోట్లో గోలి ఉంది కదా.

"ఏడ గూసుండి ఏసినవ్?"

మగ్గం గది వైపు చూపించాను. లోపల్నుంచి మామ అందుకున్నాడు. "బల్బు కింద రంగు జూసినవా? మా నేతోళ్ళ ఇండ్లల్ల ఐదేండ్ల పోరి గూడ సూడదు గదనే. ముదురు రంగులన్నీ ఒక్క తీర్గనే గొడ్తయ్ ఆడ."

"రాత్రి నిద్ర పట్టిందా నీకు?" అత్తమ్మ అడిగింది. లేదని తల ఊపాను. "గంతే. రాత్రి మింగింది పొద్దటిది. ఇప్పుడు నోట్లున్నది నిద్రది. ఉమ్ము."

రంగులతో పండిపోయిన అరచెయ్యి నా గడ్డం కింద పెట్టింది. ఇరవై రెండేళ్ళ పట్టభద్రురాలిని, ఇస్త్రీ చేసిన డ్రస్సులో, బుద్ధిగా ఆ చేతిలో ఉమ్మాను. ఆమె ముఖం కూడా చిట్లించలేదు.

గొంతు కొంచెం బరువుగా ఉన్నా పది నిమిషాలూ ఒక్క ఆవులింత లేకుండా మాట్లాడాను. ఆ గోలి మింగి ఉంటే హెడ్‌ఫోన్‌లో నా గురక వినేవాళ్ళు. మధ్యాహ్నానికి ఉద్యోగం కాగితం చేతిలో పెట్టారు. దారంతా ఆ వార్త ఎలా చెప్పాలో ఆటోలో రిహార్సల్ వేసుకుంటూ వచ్చాను. గడప దగ్గరే మామ పెదవి మీద వేలు పెట్టాడు. మగ్గం ఆగి ఉంది. నాకోసం మడిచి పెట్టిన జంపఖానాల మీద అత్తమ్మ ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది.

ఆమె పగలు పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. నాలుగు రాత్రులు నాకు నిద్ర లేదని వాడంతా చాటింపు వేశాను. నాతో పాటు ఇంకో మనిషికీ నిద్ర లేదన్న సంగతి అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు. ఆమె రుణం తీర్చుకోలేనని అప్పుడే తెలిసింది. కాగితం ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి కళ్ళు సగం తెరిచి, "ముక్కెట్లున్నది బిడ్డా?" అంది.

"మంచిగున్నదత్తమ్మా. పండుకో."

అటు తిరిగి మళ్ళీ నిద్రలోకి జారుకుంది. ఉద్యోగం సంగతి సాయంత్రం చాయ్ తాగేటప్పుడు చెప్పాను. అంత పెద్ద వార్తను అప్పటిదాకా నోట్లో దాచుకున్న ఆ పిల్లను ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఐదు రోజుల్లో ఆ పిల్ల చేసిన తెలివైన పని అదొక్కటే అనిపిస్తుంది.