పుత్తూరు కట్టు, పాకాల బండి

మా ఇంట్లో అటక మీద నా ఆటలుండేవి. ఆడుకునేవి కావు, నేను తయారు చేయబోయి వదిలేసినవి. అట్టల మీద గళ్ళు గీసి, రంగులు వేసి, నియమాలు రాసి, సగంలో చుట్టి పైన పడేసినవి. సేద్యం ఆట ఒకటుండేది, అందులో వాన ఎప్పుడు పడాలో తేలక ఆగిపోయింది. సంత ఆట ఇంకొకటి. కొండెక్కే ఆట మొదలుపెడితే మా నాయన చూసి "దేవునితో పరాచికాలేందిరా" అన్నాడు. వెంటనే మానేశాను. మానేయడానికి మంచి సాకు దొరికిందని లోపల సంతోషపడ్డాను కూడా. పగలు తిరుపతిలో యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగిరీ, సాయంత్రమైతే ఈ పిచ్చి. చెయ్యమని ఎవరూ అడగలేదు. నేనే గీసి, నేనే రాసి, నలుగురి తరఫునా నేనే పాచిక వేసి, నా చేతిలో నేనే ఓడిపోతూ ఉండేవాణ్ణి.

మా ఆవిడ నాకు ఆరంభశూరుడని పేరు పెట్టింది. ఇంటికెవరైనా వచ్చి "సారు ఏం చేస్తా ఉండారు?" అని అడిగితే, "అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారు" అని వంటింట్లోంచే జవాబిచ్చేది. నాకు ఒళ్ళు మండేది. మండినా ఏం లాభం, నిజమే కదా.

వాటన్నిట్లో నాకు ప్రాణం రైలాట. మా అత్తగారి ఊరు పీలేరు పక్కన. తిరుపతిలో చిన్నబండి ఎక్కి పాకాలలో దిగి, ధర్మవరం వైపు పోయే బండి పట్టుకోవాలి. చంకలో పిల్ల, చేతిలో ట్రంకుపెట్టె, మా అమ్మ కట్టిచ్చిన పులిహోర మూట. ఇవన్నీ దించుకుని చూసేసరికి మా బండి తోక కనిపించేది. ఆ ప్లాట్‌ఫారం మీద గంటలు గంటలు కూర్చున్నప్పుడు పుట్టిన ఆట అది. తిరుపతిలో బయలుదేరాలి. పాకాలలో దారి రెండుగా చీలుతుంది. ఒకటి చిత్తూరు మీదుగా కాట్పాడికి, ఇంకొకటి పీలేరు మీదుగా ధర్మవరానికి. చీటీలో ఏ ఊరు వస్తే ఆ ఊరు చేరాలి. పాకాలలో మాత్రం ఆరు పడితేనే బండి దొరుకుతుంది, పడకపోతే అక్కడే కూర్చోవాలి.

ఇంతే ఆట. ఇంతే అని ఇప్పుడంటున్నాను. అప్పుడు నాకది చాలదనిపించింది. గొడుగు మరిచిపోయినవాడికి ఒక చీటీ, చంద్రగిరిలో చుట్టాలు దింపేసుకుని భోజనం పెట్టినందుకు ఒక చీటీ, టికెట్టు జేబులో కనపడనందుకు ఒక చీటీ రాశాను. చీటీలు ఎక్కువయ్యాయని వాటికొక పెట్టె చేశాను. పెట్టె బాగుందని ఇంకొన్ని చీటీలు రాశాను. వారానికొకసారి గళ్ళు చెరిపి మళ్ళీ గీసేవాణ్ణి. ఇంకొక్కటి చేరిస్తే అయిపోతుంది అనుకునేవాణ్ణి. ఆ ఇంకొక్కటి ఏళ్ళ తరబడి అయిపోలేదు.

స్టేషను రోడ్డులో నా చిన్నప్పటి స్నేహితుడికి బొమ్మల కొట్టుండేది. ఏటా కొత్త సంవత్సరానికి ముందు శివకాశి నుంచి క్యాలెండర్ల ఏజెంటు ఒకాయన ఆ కొట్టుకు వచ్చేవాడు. క్యాలెండర్లతో పాటు నా ఆట కూడా అచ్చు వేయించుకొస్తానని, కొట్టులో పెట్టి అమ్ముతానని నా స్నేహితుడు మాటిచ్చాడు. ఏజెంటు వచ్చినప్పుడల్లా నేను "వచ్చే ఏడు" అనేవాణ్ణి. చివరికి ఒకరోజు నా స్నేహితుడికి కోపమొచ్చింది.

"ఇదే కడాకు సెప్తా ఉండాను. ఈసారి ఆయప్ప వచ్చినప్పుడు అట్ట నా చేతికిస్తే సరి. లేదంటే ఇంగ ఆట మాట నా కాడ ఎత్తొద్దు. నాకు నగుబాటుగా ఉండాదప్పా" అన్నాడు.

ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. నలభైకి దగ్గరపడుతున్నాను. ఇది కూడా అటకెక్కితే, నేను ఒక్క పనీ పూర్తి చెయ్యలేని మనిషినని నాకు నేనే రాసిచ్చినట్టవుతుంది. ఆ భయం ఎవరికి చెప్పుకోను? ఈసారి ఎలాగైనా ముగించాలని ఒట్టు పెట్టుకున్నాను. ముగించడానికి నేను చేసిన మొదటి పని చూడండి! సంత ఆటలో ఒక మంచి చీటీ ఉండేది, అది తెచ్చి ఇందులో కలుపుదామని స్టూలేసుకుని అటక ఎక్కబోయాను. స్టూలు ఒరిగింది. నేను కిందపడ్డాను. కుడిచెయ్యి మణికట్టు దగ్గర పుటుక్కుమంది.

మా వైపు ఎముక విరిగితే ఇంకో ఆలోచన ఉండదు, పుత్తూరు బస్సెక్కడమే. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, పైన గుడ్డ. మోచేతి నుంచి వేళ్ళ దాకా బిగించి కట్టి పంపారు. ఇంట్లో అడుగుపెట్టగానే మా అమ్మ వాసన పట్టింది.

"గుడ్డు పూసినారా? అయ్యో రామచంద్రా! ఆ చేత్తో దేవునింట్లోకి రాబాకరా. వంటింట్లోకీ రాబాకు. కట్టు ఇప్పినాక తలకు పోసుకోని రా."

దాంతో నా సంసారం వసారాలోకి మారింది. కంచం అక్కడికే, కాఫీ అక్కడికే. పెన్సిలు పట్టుకోవడానికి లేదు. ఎడమచేత్తో ఒక గీత గీస్తే పాము పాకినట్టుంది. మా ఆవిణ్ణి పిలిచి, "నేను చెప్తాను, రెండు చీటీలు రాసిపెట్టు" అని బతిమాలాను.

"నేను రాయను" అంది.

"రెండే."

"ఒక్కటి గూడా రాయను. మీ చేతికి కట్టు కట్టినోళ్ళు నోటికి గూడా కట్టుంటే బాగుండు."

అట్ట ముందు పెట్టుకుని దానికేసి చూస్తూ కూర్చోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. ప్రతి గడిలోనూ ఒక లోపం కనిపించేది. చెయ్యి బాగుంటే చెరిపేద్దును కదా అని పళ్ళు నూరుకునేవాణ్ణి.

కట్టు మార్పించుకోవడానికి మళ్ళీ పుత్తూరు వెళ్ళాల్సిన రోజు వచ్చింది. అట్ట, పాచిక, కాయలుగా వాడే చొక్కా గుండీలు, చీటీల పెట్టె సంచిలో పెట్టుకున్నాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఎముకల వైద్యానికి ఆట ఎందుకని మా ఆవిడ అడిగింది. అక్కడ వంతు రావడానికి చాలాసేపు పడుతుంది, ఆలోచించుకుంటాను అన్నాను.

అక్కడి రేకుల షెడ్డులో జనం బారులు తీరి ఉన్నారు. నా పక్కన నగరి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దామె కాలు చాపుకుని కూర్చుంది. ఎదురుగా భుజం విరిగిన లారీ డ్రైవరు. నేను అట్ట పరిచేసరికి పెద్దామె వంగి చూసింది.

"ఏందప్పా అది, పరమపదమా?"

"కాదమ్మా, రైలాట."

"యాడికి పోతాది?"

"కాట్పాడికి, ధర్మవరానికి."

"అయితే నాకు కాట్పాడి ఇయ్యి. నా కూతురు ఆడుండాది."

"అట్లా కుదరదమ్మా, చీటీ తియ్యాలి" అంటూ నియమాలు మొదలుపెట్టాను. గొడుగు సంగతి చెప్పాను. చుట్టాల భోజనం సంగతి చెప్పాను. టికెట్టు దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు ఆవలించాడు.

"సాల్లే సామీ, నువ్వు సెప్పేలోపల నా బొమిక అతుక్కుంటాది. పాచిక ఇట్లియ్యి" అని ఎడమచేత్తో లాక్కుని వేశాడు.

ఆపమన్నాను. వింటేనా! నా చీటీల పెట్టె మూత కూడా తీయలేదు వాళ్ళు. ఏళ్ళ కష్టమది, సంచిలోనే ఉండిపోయింది. నాకు నిజంగా కోపమొచ్చింది. అట్ట మడిచేద్దామంటే ఒంటిచేత్తో మడవడం కూడా చేతకాలేదు. మూతి ముడుచుకుని కూర్చున్నాను.

డ్రైవరు పాకాలలో ఇరుక్కున్నాడు. ఒకటి పడుతుంది, మూడు పడుతుంది, ఆరు మాత్రం పడదు. పెద్దామె వెనకనుంచి వచ్చి అదే గడిలో చేరింది, చేరిన మరుసటి వంతుకే ఆరు వేసి చిత్తూరు వైపు వెళ్ళిపోయింది. "కూసో నాయనా కూసో, టీ తాగి నిదానంగా రా" అని వాణ్ణి ఎగతాళి చేసింది. చుట్టూ ఉన్న కట్ల వాళ్ళందరూ కుంటుకుంటూ మూగారు. కొందరు డ్రైవరు పక్షం, కొందరు ఆమె పక్షం. అప్పుడే లోపలినుంచి పిలుపొచ్చింది.

"కాలు కట్టు పెద్దమ్మా! నీ వంతు, రా!"

ఆమె తల కూడా ఎత్తలేదు. "ఉండప్పా, కాట్పాడి దగ్గరికి వచ్చేసినా. నేను లేస్తే ఈ లారీవోడు నా గుండీ ఎనక్కి జరిపేస్తాడు."

పొద్దున్నుంచి నొప్పితో మూలుగుతూ వంతు కోసం కాచుకున్న మనిషి! తీరా పిలిస్తే లేవనంటోంది. కట్టు కట్టే పెద్దాయన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఏంది ఈ గోల? ఇదేమన్నా రచ్చబండా?" అని కసిరాడు. కసిరి, ఒక క్షణం అట్టకేసి చూసి, "ఎవురు గెలస్తా ఉండారు?" అని అడిగాడు.

ఇక నేను చెయ్యాల్సిందేమీ మిగల్లేదని నాకప్పుడు తెలిసింది. ఆట అయిపోయింది. ఇవాళ కాదు, ఎప్పుడో అయిపోయింది. ఆ పాకాల గడి గీసిన రోజే అయిపోయింది. అది తెలుసుకోకుండా ఇన్నేళ్ళూ దాని నెత్తిన మూటలు పెడుతూ వచ్చాను. నవ్వొచ్చింది. నా మీద నాకు జాలి కూడా వేసింది.

ఇక ఒక్కటే భయం మిగిలింది. నా చెయ్యి సంగతి నాకు తెలుసు. అది బాగుపడితే ఊరుకోదు. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఒక కొత్త చీటీ తలలో దొర్లుతూనే ఉంది. మళ్ళీ నేను పుత్తూరు వెళ్ళాల్సింది సోమవారం. శివకాశి ఏజెంటు వచ్చేది అదే వారం శుక్రవారం. మధ్యలో నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నా కుడిచెయ్యి ఖాళీగా ఉంటే ఏం జరుగుతుందో మా ఆవిడకు కూడా తెలుసు.

సోమవారం పెద్దాయన చెయ్యి తట్టి చూసి, "అతుక్కుంది. ఇప్పేద్దాం" అన్నాడు.

"వద్దు సామీ. శనివారం దాకా ఉండనీండి."

"నొప్పి ఉండాదా?"

"లేదు."

"మరి?"

"ఉండనీండి, మీకు పుణ్యముంటుంది."

కట్టు ఎప్పుడు విప్పుతారని ఏడ్చేవాళ్ళను చూశాడు కానీ, ఉంచమని దండం పెట్టేవాణ్ణి ఆయన అంతకుముందు చూసినట్టు లేదు. వింతగా చూసి, సరేనని పంపేశాడు. మా అమ్మ శనివారం దాకా దేవునింట్లోకి రానివ్వదని తెలిసి కూడా హాయిగా ఇంటికొచ్చాను.

శుక్రవారం చీటీల పెట్టె ఇంట్లోనే వదిలేసి అట్టతో బయలుదేరితే, మా ఆవిడ కాపలాగా వెంట వచ్చింది. కొట్టులో ఏజెంటు క్యాలెండర్ల కట్టలు పరుచుకుని కూర్చున్నాడు. నేను ఎడమచేత్తో అట్ట చాపితే నా స్నేహితుడు వెనక్కి జరిగాడు.

"శుభమా అని ఇస్తా ఎడం చేత్తోనా?"

మా ఆవిడ నా చేతిలోంచి అట్ట తీసుకుని, తన కుడిచేత్తో వాడికిచ్చింది. ఏజెంటు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సార్, కరెక్షన్ ఏమన్నా ఉందా? ఇప్పుడే సొల్లుంగ, అంటే చెప్పండి. అచ్చుకు పోయినాక ఏమీ చేయలేం" అన్నాడు.

ఉన్నాయి. చంద్రగిరి గడి రంగు కాస్త ముదరాలి. ధర్మవరం దారి ఒక గడి పొడవెక్కువ. వెదురుబద్దల మధ్య నా వేళ్ళు కదిలాయి. మా ఆవిడ నా కట్టుకేసి చూసింది.

"ఏమీ లేవు" అన్నాను.

ఆయన అట్టను క్యాలెండర్ల మధ్య పెట్టి తాడుతో కట్టేశాడు.

మర్నాడు పుత్తూరులో కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి, తోలు పాలిపోయి, నాది కానట్టుంది. పిడికిలి బిగించమన్నాడు పెద్దాయన, బిగించాను. చాపమన్నాడు, చాపాను.

"బాగుండాది. పో, ఇంగ నీ ఇష్టమొచ్చినట్ల గీసుకో, రాసుకో. ఆ రైలు ఏమన్నా బాకీ ఉండాదా?"

"లేదు సామీ. అయిపోయింది."

నేను మొదలుపెట్టిన పని గురించి ఆ మాట అనడం నా జన్మలో అదే మొదటిసారి. అన్న వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన కంగారుపడి నా మణికట్టు మళ్ళీ పట్టుకున్నాడు.

"ఏందప్పా, ఇంగా నొస్తా ఉండాదా?"

"లేదు సామీ, శానా హాయిగా ఉండాది" అన్నాను.