మిరపకల్లంలో రికార్డింగు

నా పాడ్‌కాస్ట్ మొదటి ఎనిమిది నెలల ఎపిసోడ్లు ఇప్పుడు వింటే నాకే సిగ్గేస్తుంది. జగ్గయ్యపేటలో నేను పాఠాలు చెప్పే బడి వదలగానే బస్సెక్కి నందిగామ ఇంటికి చేరి, ఫ్యాను ఆపి, కిటికీకి దుప్పటి కట్టి, "హలో ఫ్రెండ్స్" అంటూ నాది కాని గొంతుతో మొదలుపెట్టేదాన్ని. మనశ్శాంతి, పిల్లల చదువులు, పొద్దున్నే లేవడం... ఊళ్లో అందరూ చెప్పేవే నేనూ చెప్పాను. వినేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులోనూ రెండు ఫోన్లు నావే. మా ఆయన రోజూ వింటున్నాననేవాడు. ఏం విన్నావని అడిగితే నీళ్లు నమిలేవాడు.

ఇన్ని వేల పాడ్‌కాస్టుల మధ్య మనది ఒకరి చెవిన పడాలంటే ఏం చేయాలని తెలిసినవాళ్లందరినీ అడిగాను. మంచి మ్యూజిక్ పెట్టమన్నారు, పేరున్నవాళ్లను పిలవమన్నారు. పేరున్నవాళ్లు నా దగ్గరికెందుకొస్తారు? మాటకారి అంటే నాకు తెలిసింది మా అమ్మే. వీరులపాడు దగ్గర మా ఊళ్లో, మిరపకాయలు ఏరే ఆడవాళ్ల ముఠాకు ఆమె మేస్త్రి. కల్లంలో ఆమె నోరు తెరిచిందంటే చుట్టూ ఉన్నవాళ్లు కడుపు పట్టుకుని నవ్వాల్సిందే. ఆమెనే ఇంటికి పిలిపించాను.

అక్కడే పప్పులో కాలేశాను. మా అమ్మ జీవితంలో మైకు పట్టుకున్నది చర్చిలోనే, అదీ సాక్ష్యం చెప్పడానికే. ఆ రోజు తెల్లచీర కట్టుకుని వచ్చింది. తల మీద కొంగు కప్పుకుని, మైకుకు చేతులు జోడించి, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు అని అందుకుంది. తనకొచ్చిన జ్వరాలు, దేవుడు చేసిన మేళ్లు వరసగా చెప్పి ప్రార్థనతో ముగించింది. కల్లంలో మాట్లాడినట్టు మాట్లాడమంటే, మైకులో అవేం మాటలంటూ నన్నే కసిరింది. మూడుసార్లు రికార్డు చేశాను. మూడుసార్లూ సాక్ష్యమే. ఒళ్లు మండి మైకు తీసి మంచమ్మీద పడేశాను.

ఆ వారంలోనే, అమ్మ మెడ మీద కొన్నాళ్లుగా పెరుగుతున్న గడ్డను విజయవాడలో చూపించాం. థైరాయిడ్ గడ్డ, ప్రాణానికేం భయం లేదు, కానీ తీసేయాలన్నారు. గొంతు నరం దాని పక్కనుంచే వెళుతుందట. జాగ్రత్తగానే చేస్తాం గానీ, గొంతు మునుపట్లాగే ఉంటుందని గట్టిగా చెప్పలేమన్నారు డాక్టరు గారు. మిరప పని అయ్యాక ఆపరేషన్ అనుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కంచికచర్ల దాకా అమ్మ మాట్లాడుతూనే ఉంది. నేను కిటికీ వైపు తిరిగి ఏడుపు ఆపుకుంటున్నాను. ఆ గొంతు పోతే ఈ మనిషి ఎట్లా బతుకుతుంది? నిజం చెప్పొద్దూ, మధ్యలో నా ఎపిసోడ్ ఏమవుతుందన్న ఆలోచన కూడా వచ్చింది. ఛీ, నాదీ ఒక బుద్ధేనా అనుకున్నాను.

రెండో శనివారం సెలవు రోజు కల్లానికి వెళ్లాను. మైకు తీసుకెళ్లలేదు. అమ్మ పక్కన పట్టా మీద కూర్చుని, రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయలు ఏరుతూ, ఫోను గంప పక్కన పెట్టాను. అందరికీ చెప్పే పెట్టాను. తమ అత్తల మీద అనే మాటలు మాత్రం తీసేస్తానని ముఠా అంతా నా చేత ఒట్టు వేయించుకున్నారు. రికార్డవుతోందని అమ్మకు ఇంకోసారి గుర్తుచేశాను.

"అయితే అవనీయ్. నా చేతులు ఖాళీ లేవు" అంది.

చేతులు ఖాళీ లేకపోతేనే మా అమ్మ నోరు విచ్చుకుంటుందని ఇన్నేళ్లకు తెలిసింది. కాయను చెవి దగ్గర ఊపి, గింజ గలగలమంటేనే ఎండినట్టని చెప్పింది. తన పెళ్లిచూపుల సంగతీ చెప్పింది. కల్లంలోంచి నేరుగా వచ్చి కూర్చుందట. ఆమె మీది ఘాటుకు మా నాన్న ఆపకుండా తుమ్ముతుంటే, ఈ పిల్లాడికేదో జబ్బుందని మా తాత సంబంధం వద్దనబోయాడట. ముఠా అంతా నవ్వీ నవ్వీ దగ్గారు.

దానికి మ్యూజిక్ పెట్టలేదు, తుమ్ములూ దగ్గులూ తీయలేదు. ఎపిసోడ్ మొదట్లో "మా అమ్మ మిరపకాయలు ఏరుతోంది, వినండి" అని ఒక్క మాట నా సొంత గొంతుతో చెప్పాను. అమ్మయ్య, ఎంత హాయిగా అనిపించిందో! అట్లాగే ఇంకో మూడు చేశాను. ముక్కూ మొహం తెలియనివాళ్లు రాయడం మొదలుపెట్టారు. వింటుంటే తనకూ తుమ్ము వచ్చిందని ఒకామె రాసింది. ఇట్లాంటిది ఇంకెక్కడా దొరకలేదని ఇంకొకాయన రాశాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. కానీ అమ్మ గుసగుస తప్ప మాట్లాడలేదు. గొంతుకు విశ్రాంతినివ్వమన్నారని, గట్టిగా అంటే ఉన్నది కూడా పోతుందన్న భయంతో చాలావాటికి సైగలే చేసేది. అమ్మ ఏదండీ అని వినేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఆమె గొంతు నా ఫోనులో భద్రంగానే ఉంది. దాన్ని వినడానికి మాత్రం నాకు ధైర్యం చాల్లేదు. వంటింట్లోంచి నన్ను తిట్టే గొంతు కావాలి నాకు.

నెల తర్వాత చూపించడానికి వెళ్లాం. ఒకటి నుంచి పది దాకా గట్టిగా లెక్కపెట్టమన్నారు డాక్టరు గారు. అమ్మ నా వైపు చూసింది. ఒకటి బయటికి రాలేదు. రెండు, మూడు బొంగురుగా వచ్చాయి. ఆరు దగ్గర గొంతు తెరుచుకుంది. కల్లం ఈ చివర నుంచి ఆ చివరకు కేకేసే మా అమ్మ గొంతు! పది అయింది, ఆమె ఆగలేదు. పదకొండు, పన్నెండు, పదమూడు... బయట బెంచీల మీద వాళ్లు తలుపులోంచి తొంగి చూశారు.

"చాలమ్మా, బ్రహ్మాండంగా ఉంది" అన్నారు డాక్టరు గారు నవ్వుతూ.

"కానివ్వండి సార్, ఆపకండి" అన్నాను నేను, ముక్కు తుడుచుకుంటూ. నలభై దాకా లెక్కపెట్టింది.